హుద్‌హుద్ తెచ్చిన వార్త

శీర్షిక: సృష్టిలో సూచనలు

దివ్య ఖుర్ఆన్ మానవుణ్ణి ఆలోచనకు ఆహ్వానించిన అనేక సందర్భాలలో ఆకాశాలు, భూమి, రేయింబవళ్ళ మార్పు, వర్షం, సముద్రంపై సాగే ఓడలు ప్రస్తావనకు వస్తాయి. అల్ బఖరా సూరాలోని 164వ ఆయత్ వీటి సరసన గాలుల మళ్ళింపును కూడా చేర్చి, బుద్ధిని ఉపయోగించేవారికి ఇవన్నీ సూచనలని తెలుపుతుంది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. గాలి వీయడం ఒక్కటే సూచన కాదు, అది దిశ మార్చుకోవడం సూచన. మైదానంలో నివసించేవారికంటే తీరంలో నివసించేవారికి ఈ మాటలోని లోతు త్వరగా బోధపడుతుంది.

విశాఖపట్నం జాలరిపేటలో గాలి దిశ మారిందంటే ఆనాటి ఇంటి లెక్క మారిందన్నమాట. పడవ దించాలా వద్దా, వల విప్పాలా మడిచి పెట్టాలా, సాయంత్రానికి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి అన్న ప్రశ్నలన్నిటికీ మొదటి జవాబు గాలి చెబుతుంది. ఆ పేటలో మన మతస్థులు కొద్దిమందే కావచ్చు. కాని వారు తెచ్చిన వంజరం, చందువ, కానాగంతలు మన ఇళ్ళలో వండుకుంటున్నాము. సముద్రాన్ని మానవులకు వశపరచి, దాని నుండి తాజా మాంసాన్ని తినే వీలు కల్పించినవాడు అల్లాహ్ అని అన్‌నహ్ల్ సూరా గుర్తు చేస్తుంది. ఆ తాజా మాంసం మన పళ్ళెంలోకి రావడానికి ఒక మనిషి అలలపైకి వెళ్ళవలసి ఉంటుంది. అతడు క్షేమంగా తిరిగి రావడం గాలి మీద, గాలిని గురించి అతనికి అందిన వార్త మీద ఆధారపడి ఉంటుంది. ఈ నెల మన ముచ్చట ఆ గాలి గురించి, ఆ వార్త గురించి.

ఒడ్డు గాలి, కడలి గాలి

ఉష్ణమండల తీరాలలో గాలికి ఒక దినచర్య ఉంది. పగటి ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నిదానంగా వేడెక్కుతుంది. నేలమీది వేడిగాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటును నింపడానికి సముద్రం మీది చల్లని గాలి ఒడ్డుకు తరలివస్తుంది. రాత్రి ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. నేల త్వరగా చల్లబడుతుంది, నీరు మాత్రం తన వేడిని నిలుపుకుంటుంది. అప్పుడు గాలి ఒడ్డు నుండి సముద్రం వైపు వీస్తుంది.

ఇంజన్లు లేని కాలంలో జాలరుల రాకపోకలు ఈ ఏర్పాటు మీదనే నడిచాయి. మనం ఫజ్ర్ నమాజుకు లేచే వేళకు ఒడ్డు గాలి ఇంకా వీస్తూనే ఉంటుంది. దుంగలను తాళ్ళతో బిగించి కట్టిన తెప్ప ఆ గాలికి తెరచాప ఎత్తి లోపలికి పోయేది. జుహర్ తర్వాత బలం పుంజుకునే కడలి గాలి ఆ తెప్పనే ఒడ్డుకు తోలుకొచ్చేది. పైసా ఖర్చు లేకుండా ఉదయం తీసుకుపోయి సాయంత్రం తిరిగి తెచ్చే వాహనాన్ని ఈ విధంగా అమర్చినవాడెవరో ఆలోచించమనే అష్‌షూరా సూరా మనల్ని కోరుతుంది. ఆయన తలచుకుంటే గాలిని ఆపివేస్తాడని, అప్పుడు ఓడలు సముద్రం వీపు మీద కదలకుండా నిలిచిపోతాయని ఆ సూరా హెచ్చరిస్తుంది. నేడు తెప్పల స్థానంలో ఫైబర్ పడవలు, మరబోట్లు వచ్చాయి. డీజిలుతో నడిచే బోటుకు గాలి అవసరం తగ్గింది గాని, గాలి భయం తగ్గలేదు.

ఋతువుల గాలి

దినచర్యకు మించి గాలికి ఒక సంవత్సరచర్య కూడా ఉంది. వేసవిలో ఆసియా భూభాగం అంతా వేడెక్కినప్పుడు హిందూ మహాసముద్రం మీది తేమగాలి నైరుతి దిక్కు నుండి మన మీదికి వస్తుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు అది నైరుతి ఋతుపవనం. శీతకాలంలో భూభాగం చల్లబడి గాలి తిరగబడుతుంది. అది ఈశాన్య ఋతుపవనం. ఒకే సముద్రం మీద, ఒకే సంవత్సరంలో గాలి ఇంత నిక్కచ్చిగా దిశ మార్చుకునే ప్రాంతం ప్రపంచంలో మరొకటి ఇంత విశాలంగా లేదు.

ఈ గాలికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న మాన్సూన్ అనే పేరు అరబ్బీ భాష నుండి వచ్చింది. ‘మౌసిమ్’ అంటే ఋతువు, నియమిత కాలం. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడే పెద్దలు నేటికీ ‘మౌసమ్’ అని పలికే మాట అదే. అరబ్బు నావికులు ఓడ విప్పే కాలాన్ని ఆ పేరుతో పిలిచేవారు. వారి నుండి అది పోర్చుగీసు వారికి, వారి ద్వారా ఇంగ్లీషుకు చేరింది. పదవ శతాబ్దానికి చెందిన చరిత్రకారుడు అల్ మస్ఊదీ ఈ సముద్రాలలో ప్రయాణించి, ఏ సముద్రం ఏ నెలలో అల్లకల్లోలమవుతుందో, ఏ నెలలో శాంతిస్తుందో రాశాడు. పదిహేనవ శతాబ్దపు నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్, ఆయన తర్వాతి వాడైన సులైమాన్ అల్ మహ్రీ నక్షత్రాలను, తీరపు గుర్తులను, ఋతువుల గాలులను కలిపి నావికుల కోసం గ్రంథాలు రచించారు. ఇబ్న్ మాజిద్ దృష్టిలో ఓడ నడపడం కేవలం చేతిపని కాదు, నేర్చుకోవలసిన విద్య. గాలి తేదీలు తెలియనివాడు ఓడ మీది ప్రాణాలకు జవాబుదారీ కాలేడు.

మన తెలుగు తీరానికి ఈ విద్యతో దగ్గరి సంబంధం ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం మచిలీపట్నం. అక్కడి నుండి ఎర్రసముద్రం వైపు సాగిన ఓడలలో సరుకుతో పాటు హజ్ యాత్రికులు కూడా ఉండేవారు. ఈశాన్యపు గాలికి పడమరకు సాగి, నైరుతి గాలికి తిరిగి రావాలి. గాలి తప్పితే ఒక ఋతువంతా పరాయి రేవులో గడపవలసిందే. నేడు కొద్ది గంటలలో జిద్దా చేరే యాత్రికులు, తమ పూర్వీకులు ఆ దూరాన్ని గాలి అనుమతితో దాటారని ఒకసారి తలచుకోవాలి.

ఇదే గాలి జాలరుల వలలోకి చేపను కూడా తెస్తుంది. విశాఖ తీరం నైరుతి నుండి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. వేసవిలో గాలి ఆ తీరం వెంబడే వీచినప్పుడు, భూభ్రమణ ప్రభావం వల్ల పైనీరు ఒడ్డు నుండి దూరంగా జరుగుతుంది. ఆ లోటు తీర్చడానికి అడుగునుండి చల్లని, పోషకాలు గల నీరు పైకి ఉబుకుతుంది. ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటి కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు వస్తాయి. 1950వ దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ వాల్తేరు తీరంలో ఈ ఉబుకును కొలిచి చూపాడు. గాలులు మోసుకొచ్చేది మేఘాలను మాత్రమే కాదన్నమాట.

గాలి తుఫానుగా మారే తీరు

అయితే ఋతువులు మారే సంధికాలాలలో బంగాళాఖాతం ప్రమాదకరమవుతుంది. ఏప్రిల్ నుండి జూన్ మొదటి భాగం వరకు ఒకసారి, అక్టోబరు నుండి డిసెంబరు వరకు మరొకసారి తుఫానులు పుడతాయి. అరేబియా సముద్రంతో పోల్చితే బంగాళాఖాతంలో పుట్టేవి చాలా ఎక్కువ. ఇందుకు మొదటి కారణం నీటి వేడి. సముద్రపు పైనీరు సుమారు 26, 27 డిగ్రీల సెల్సియస్‌ను దాటి కొంత లోతు వరకు వెచ్చగా ఉంటే, ఆవిరి విరివిగా పైకి లేస్తుంది. ఆవిరి మేఘంగా మారేటప్పుడు దాచుకున్న వేడిని విడుదల చేస్తుంది. ఆ వేడికి గాలి మరింత వేగంగా పైకి లేచి, కింద పీడనం తగ్గుతుంది. తగ్గిన చోటికి నలువైపుల నుండి గాలి పరుగెత్తుతుంది. భూమి తిరుగుతున్నందున ఆ పరుగు తిన్నగా సాగక సుడి తిరుగుతుంది. మన ఉత్తరార్ధగోళంలో ఆ సుడి గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో ఉంటుంది. భూమధ్యరేఖకు మరీ దగ్గరలో ఈ మలుపు బలం చాలదు కనుక అక్కడ తుఫానులు దాదాపు పుట్టవు.

రేడియోలో, పత్రికలో వినిపించే మాటలకు కచ్చితమైన కొలతలున్నాయి. ఇంట్లో పెద్దలు పిల్లలకు వీటిని నేర్పితే మేలు. సుడిలో గాలి వేగం గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అది అల్పపీడనం. 31 నుండి 49 వరకు వాయుగుండం, 50 నుండి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 దాటితే తుఫాను అని పేరు పెడతారు. 89 నుండి తీవ్ర తుఫాను, 118 నుండి అతి తీవ్ర తుఫాను. ఆపైన మరో మెట్టు ఉండి, 221 దాటితే దానిని సూపర్ సైక్లోన్ అంటారు. ఈ అంకెలను చదివేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. గాలి వేగం రెండింతలైతే అది గోడ మీద, చెట్టు మీద, పడవ మీద మోపే ఒత్తిడి నాలుగింతలవుతుంది. కనుక 90 కిలోమీటర్ల గాలికి తట్టుకున్న రేకుల కప్పు 180కి తట్టుకుంటుందని అనుకోరాదు.

రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికలు 1 నుండి 11 వరకు ఉన్నాయి. 1, 2 సంఖ్యలు దూరాన ఏర్పడిన ప్రమాదాన్ని తెలుపుతాయి. 3, 4 సంఖ్యలు రేవుకే ప్రమాదం రావచ్చునంటాయి. 5 నుండి 7 వరకు ప్రమాదం, 8 నుండి 10 వరకు మహా ప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం.

మరో రెండు విషయాలలో సముద్రం మనిషిని మోసగిస్తుంది. మొదటిది తుఫాను కన్ను. సుడి నడిమధ్యన గాలి దాదాపు ఆగిపోతుంది. కన్ను ఊరి మీదుగా సాగేటప్పుడు వాన తగ్గి, ఆకాశం తేటపడి, గండం గడిచిందనిపిస్తుంది. కొద్ది సేపటికి గాలి ఎదురు దిక్కు నుండి అంతే బలంతో తిరిగి వస్తుంది. ఆ విరామంలో బయటికి వచ్చినవారే ఎక్కువగా ప్రమాదానికి గురవుతారు. రెండవది గాలి లేని అల. వేల కిలోమీటర్ల దూరాన, దక్షిణ హిందూ మహాసముద్రంలో వీచిన పెనుగాలికి లేచిన కెరటాలు రోజుల తరబడి ప్రయాణించి, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున మన ఒడ్డును తాకుతాయి. ఇక్కడ గాలి లేదు కదా అని పడవ దించితే ఒడ్డు దగ్గరే బోల్తా పడవచ్చు.

2014 అక్టోబరు 12

హిందూ మహాసముద్రపు ఉత్తర భాగంలో పుట్టే తుఫానులకు ఈ ప్రాంతపు దేశాలు ముందుగా ఇచ్చిన జాబితా నుండి పేర్లు పెట్టే పద్ధతి 2004లో మొదలైంది. ఆ జాబితాలో ఒమాన్ ఇచ్చిన ఒక పేరు హుద్‌హుద్. అరబ్బీలో అది తలమీద కుచ్చు ఉండే ఒక పక్షి. మన తెలుగువారు కూకుడుగువ్వ అంటారు. 2014 అక్టోబరు మొదటి వారంలో అండమాన్ సముద్రంలో ఏర్పడిన అల్పపీడనం 8వ తేదీకి తుఫానై, అండమాన్ దీవులను దాటి, పడమటి వాయవ్య దిశగా సాగింది. 10వ తేదీకి అతి తీవ్రమైంది. 12వ తేదీ మధ్యాహ్నం విశాఖపట్నం వద్ద తీరం దాటింది. అప్పటి గాలి వేగం గంటకు 170 నుండి 180 కిలోమీటర్లు.

ఆ రోజు విశాఖలో చెట్లు వేళ్ళతో సహా కూలాయి. పచ్చని కొండలు ఒక్కపూటలో మోడువారాయి. విమానాశ్రయం కప్పు ఎగిరిపోయింది. విద్యుత్తు, సెల్‌ఫోన్లు, మంచినీరు రోజుల తరబడి నిలిచిపోయాయి. రేవుముఖాన నిలబడి ఓడలకు శతాబ్దాలుగా గుర్తుగా ఉన్న కొండలు కూడా ఆ గాలిని ఆపలేకపోయాయి. తీరం వెంబడి పడవలు ముక్కలయ్యాయి, వలలు కొట్టుకుపోయాయి. ఆ సుడి అవశేషం రెండు రోజులకు నేపాల్ చేరి, అన్నపూర్ణ పర్వతాలలో మంచు తుఫానుగా మారి అక్కడి యాత్రికులను బలిగొన్నది.

ఇంత జరిగినా మన రాష్ట్రంలో మృతుల సంఖ్య వందను దాటలేదు. దీని పక్కన 1977 నవంబరు 19ని ఉంచి చూడాలి. ఆనాడు దివిసీమలో ఉప్పెన లేచి సుమారు 10 వేల ప్రాణాలను తీసుకుపోయింది. అంతకు ముందు 1864 నవంబరులో మచిలీపట్నంలో సుమారు 30 వేల మంది పోయారు. గాలి బలం కాలంతో పాటు తగ్గలేదు. మారినది వార్త. 1977లో హెచ్చరిక చిట్టచివరి గ్రామం వరకు చేరే మార్గాలు నేటివలె లేవు. 2014 నాటికి ఉపగ్రహాలు, రాడార్లు, విశాఖలోని తుఫాను హెచ్చరిక కేంద్రం, హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం, ఊరూరా తుఫాను రక్షణ భవనాలు ఉన్నాయి. నాలుగైదు రోజుల ముందే దారి తెలిసింది. లక్షలాది మంది ముందే సురక్షిత స్థలాలకు చేరారు.

అయినా వార్త అందని చోటు ఒకటి మిగిలి ఉంది. అది నడిసముద్రం. సెల్‌ఫోన్ సంకేతం తీరం నుండి కొద్ది దూరమే చేరుతుంది. 2017 చివరలో ఒఖీ తుఫాను కన్యాకుమారి, కేరళ తీరాల మీద విరుచుకుపడినప్పుడు, హెచ్చరికకు ముందే వేటకు వెళ్ళిపోయిన వందలాది జాలరులు తిరిగి రాలేదు. ఆ అనుభవం తర్వాత 2019లో ఉపగ్రహం ద్వారా నేరుగా బోటుకే హెచ్చరికలు పంపే జెమిని అనే పరికరాన్ని మన దేశంలో ప్రవేశపెట్టారు. అది ప్రతి బోటులోనూ ఉండే రోజు రావాలి.

పక్షి వార్త, ప్రవక్త పరిశీలన

ఇక ఆ పేరు వైపు వద్దాము. అన్‌నమ్ల్ సూరాలో హుద్‌హుద్ పక్షి కనిపిస్తుంది. హజ్రత్ సులైమాన్ (అ) తన సైన్యంలోని పక్షులను తనిఖీ చేస్తూ హుద్‌హుద్ లేకపోవడాన్ని గమనించారు. సరైన కారణం చూపకపోతే శిక్ష తప్పదన్నారు. ఎంతోసేపు గడవకముందే అది వచ్చి, తమకు తెలియని సంగతి తెలుసుకున్నానని, సబా దేశం నుండి నమ్మదగిన వార్త తెచ్చానని విన్నవించింది. సులైమాన్ (అ) గొప్ప చక్రవర్తి. గాలి కూడా ఆయనకు వశపరచబడిందని, దాని ఉదయపు నడక నెల రోజుల ప్రయాణమని, సాయంకాలపు నడక మరో నెల ప్రయాణమని సబా సూరా చెబుతుంది. అంతటి వ్యక్తి ఒక చిన్న పక్షి తనకు తెలియనిది తెలుసునంటే కోపగించుకోలేదు, విన్నారు. విని వెంటనే నమ్మనూ లేదు. నీవు చెప్పినది నిజమో కాదో చూస్తామని, లేఖ ఇచ్చి పంపారు.

హెచ్చరికను స్వీకరించే పద్ధతి అంతా ఈ సంఘటనలో ఉంది. వార్త తెచ్చినవాడు చిన్నవాడని తోసిపుచ్చరాదు. వార్త వచ్చిందని పరిశీలన లేకుండా పరుగెత్తరాదు. తుఫాను రోజులలో మన ఫోన్లలోకి వచ్చి పడే సందేశాలను ఈ కొలతతో చూడాలి. ఏ దేశంలోనో తీసిన వీడియోను మన ఊరిదని, ఏ సంవత్సరంలోదో ఫోటోను నేటిదని పంపేవారికి కొదువ లేదు. భయానికి లేదా క్షేమానికి సంబంధించిన వార్త అందగానే దానిని ప్రచారం చేయక, విషయాన్ని తేల్చగల బాధ్యుల ముందుంచాలని అన్‌నిసా సూరాలోని 83వ ఆయత్ బోధిస్తుంది. వాతావరణ శాఖ బులెటిన్ చూడనిదే తుఫాను సందేశాన్ని ముందుకు పంపకపోవడం ఈ కాలంలో ఆ ఆయత్‌ను ఆచరించడమే అవుతుంది.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ కూడా ఖుర్ఆన్‌లో ఉంది. ఆద్ జాతి ప్రజలు తమ లోయల వైపు వస్తున్న మేఘాన్ని చూసి, వాన కురిపించే మేఘమని సంబరపడ్డారు. వచ్చినది పెనుగాలి. ఏడు రాత్రులు, ఎనిమిది పగళ్ళు అది వారి మీద వీచింది. వారికి ప్రవక్త హూద్ (అ) ముందే హెచ్చరిక చేశారు. వినలేదు. ఈ సంఘటన దైవప్రవక్త (స) హృదయంలో ఎంతగా నాటుకుపోయిందో హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. ఆకాశంలో మబ్బు లేచినా గాలి వీచినా ఆయన ముఖంలో ఆందోళన కనిపించేదని, ఇతరులు వాన వస్తుందని ఆనందిస్తుంటే ఆయన ఆద్ జాతిని గుర్తు చేసుకునేవారని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ప్రతి తుఫానూ శిక్ష అని మనం తీర్పు చెప్పరాదు. ఏ ఊరి మీద ఎందుకు వచ్చిందో అల్లాహ్‌కే తెలుసు. కష్టపడినవారి వైపు వేలు చూపడం విశ్వాసి పని కాదు. ఆ వేళ ఎవరికి వారు తమ అంతరంగం వైపు చూసుకోవాలి.

తవక్కుల్ అంటే తెగింపు కాదు

హెచ్చరిక వచ్చినా కొందరు సముద్రం మీదికి వెళతారు. రాసి ఉన్నది జరుగుతుంది అంటారు. ఈ మాట జాలరిపేటలోనే కాదు, మన ఇళ్ళలో కూడా వినిపిస్తుంది. వరద నీటిలో బండి నడిపేటప్పుడు, శిథిలమైన ఇంటిలో వానాకాలం గడిపేటప్పుడు ఇదే మాట అంటాము. ఇది తవక్కుల్ కాదు. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) చేసిన ఉపదేశం తిర్మిజీ హదీసులో ఉంది. సముద్రం విషయంలో మరింత సూటియైన హెచ్చరిక ఉంది. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు దాని మీద ప్రయాణానికి దిగినవాడి విషయంలో రక్షణ బాధ్యత తొలగిపోతుందన్న భావం గల హదీసును ఇమామ్ అహ్మద్ తమ ముస్నద్‌లోనూ, ఇమామ్ బుఖారీ అల్ అదబుల్ ముఫ్రద్‌లోనూ నమోదు చేశారు. పిట్టగోడ లేని మిద్దె మీద పడుకోవడాన్ని కూడా అదే సందర్భంలో నిరసించారు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా సిరియా వైపు ప్రయాణిస్తుండగా, అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ విధిరాత నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక విధిరాత నుండి మరో విధిరాత వైపే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ప్రమాదం అల్లాహ్ విధించినదైతే, దాని గురించి ముందుగా అందిన హెచ్చరిక కూడా ఆయన అనుగ్రహించినదే. ఉపగ్రహాన్ని తయారు చేసిన బుద్ధి, బులెటిన్ రాసిన చేయి, మైకులో ఊరంతా చాటిన గొంతు అన్నీ ఆయన కారుణ్యపు మార్గాలే. వాటిని నిర్లక్ష్యం చేసి దువా చేయడమంటే, అందించిన చేయిని తోసివేసి సాయం కోరడమే.

మన వంతు

ఐతే వేటకు వెళ్ళవద్దని చెప్పడం తేలిక. వెళ్ళకపోతే ఇల్లు ఎలా గడుస్తుందన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలంలో, ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. అది తేదీలు ముందే తెలిసిన విరామం. తుఫాను హెచ్చరికలు అలా చెప్పి రావు. అక్టోబరు, నవంబరు నెలలలో ఒకదాని వెంట ఒకటి అల్పపీడనాలు ఏర్పడితే, వేటకు పోని రోజులు వారాలవుతాయి. బోటు యజమాని అప్పు ఆగదు, కూలికి వెళ్ళేవాడి ఇంట్లో బియ్యం ఆగవు. చాలామంది హెచ్చరికను ధిక్కరించడానికి మూర్ఖత్వం కారణం కాదు, ఆకలి కారణం. ఆ ఆకలిని తగ్గించగలిగితే హెచ్చరిక మాటకు బలం చేకూరుతుంది.

ఈ విషయంలో మన తెలుగు నేల మీద ఒక గొప్ప ఆనవాలు ఉంది. 1244-45 నాటి మోటుపల్లి శాసనంలో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి ఓడ వర్తకులకు అభయమిచ్చాడు. అంతకు ముందు తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాలకులు బలవంతంగా లాక్కునేవారు. ఆ అన్యాయాన్ని ఆపి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆయన శాసనం వేయించాడు. ఆ అభయం పొందినవారు దూరదేశాల నుండి వచ్చిన వేరువేరు మతాల వర్తకులు. గాలి దెబ్బతిన్నవాడిని మరింత దోచుకోరాదన్న న్యాయం అది. తుఫాను తర్వాత బియ్యం, కొవ్వొత్తులు, పాలు, మంచినీటి ధరలను అమాంతంగా పెంచే వ్యాపారి, ఏడు శతాబ్దాల క్రితమే మానవలసిందని తేలిన పనిని నేడు చేస్తున్నాడు. ప్రజల అవసరాన్ని చూసి సరుకు దాచిపెట్టడాన్ని దైవప్రవక్త (స) పాపంగా ప్రకటించారు.

మన కుటుంబాలు చేయగలిగినవి చిన్న పనులే. తీరపు పట్టణాలలోని మస్జిద్ కమిటీలు తుఫాను నెలలకు ముందే ఒక నిధిని, కొన్ని బియ్యం బస్తాలను సిద్ధం చేసుకోవచ్చు. వేట ఆగిన రోజులలో జాలరి వాడలకు, మతం అడగకుండా, వాటిని చేర్చవచ్చు. పొరుగువాడు ఆకలితో ఉండగా తాను కడుపునిండా తినేవాడు విశ్వాసి కాజాలడన్న ప్రవక్త (స) బోధలో పొరుగువాడి మతం ప్రస్తావన లేదు. అజాన్ వినిపించే మైకు ద్వారా వాతావరణ శాఖ హెచ్చరికను కూడా వినిపించవచ్చు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటి ముందుకు వచ్చిన అమ్మతో ఐదు రూపాయల కోసం బేరమాడే ముందు, ఆ బుట్ట వెనుక ఉన్న అలలను ఒకసారి తలచుకోవచ్చు. పిల్లలకు అల్పపీడనం, వాయుగుండం, తుఫాను మధ్య తేడా నేర్పడం సైన్సు పాఠమే కాదు, అది సూచనలను చదవడం నేర్పే ధార్మిక శిక్షణ కూడా.

గాలిని తిట్టవద్దని దైవప్రవక్త (స) వారించారు. అది ఆజ్ఞకు కట్టుబడినదే. గాలి బలంగా వీచినప్పుడు అందులోని మేలును, అది మోసుకొచ్చే మేలును అల్లాహ్‌ను వేడుకుని, అందులోని కీడు నుండి ఆయన శరణు కోరేవారు. ఈ దువాను మన పిల్లలు కంఠస్థం చేయాలి. ఈ అక్టోబరులో గాలి తూర్పు నుండి తిరిగినప్పుడు, కిటికీలు మూసుకున్న మన ఇళ్ళలో నుండి ఆ దువా వెలువడాలి. అందులో మన కప్పుల క్షేమంతో పాటు, ఒడ్డుకు చేరవలసిన పడవలన్నిటి క్షేమం కూడా ఉండాలి. అల్లాహ్ మనకు హెచ్చరికను వినే చెవిని, దానిని అనుసరించే బుద్ధిని, విన్నందువల్ల నష్టపోయినవారిని ఆదుకునే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.